సబ్‌మెరైన్ మింగేసిన కొండ

విశాఖపట్నం చూసొచ్చినవాళ్లు సముద్రం గురించి చెబుతారు. నాకు ఆ ఊరి పేరు వింటే ఈల గుర్తొస్తుంది. వెంటనే ఒళ్లు మండుతుంది.

ఈల మా బాబాయ్‌ది. సొంత బాబాయ్ కాదు. చనిపోయిన మా నాన్నతో భిలాయి ఉక్కు ప్లాంటులో, కోక్ ఓవెన్స్ అనే బొగ్గు కొలిముల దగ్గర పనిచేసి రిటైరైన ఫోర్‌మన్. సెక్టర్ 6 మార్కెట్‌లో నా టిఫిన్ బండి దగ్గర రోజూ ఇడ్లీ తిని, రోజూ చట్నీ పల్చగా ఉందనే మనిషి. తనలాంటి రిటైర్డ్ తెలుగువాళ్లని పోగుచేసి ఏటా ఎక్కడికో తిప్పి తీసుకొస్తాడు. ప్లాంటులో షిఫ్టు నడిపినట్టే నడుపుతాడు. ఈల ఊదితే బస్సు దిగాలి, ఈల ఊదితే ఎక్కాలి. ఉద్యోగమంతా సైరన్‌కి లేచినవాళ్లు కదా, సగం తిన్న వడ వదిలేసి మరీ లేస్తారు. నేను బడి గంట పడకే ఏడో తరగతిలో బయటికొచ్చేసినవాణ్ణి. నాకు ఈలలు ఎక్కడ పడతాయి?

ఈసారి విశాఖపట్నం అనగానే అమ్మ తనూ వస్తానంది. అమ్మ పుట్టింది అక్కడి పాత ఊళ్లో, హార్బరు పక్కన. తాతయ్య ఓడల్లో సరుకు దించే కళాసీ. అక్కడ మూడు చిన్న కొండలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద గుడి. సెలవు దొరికిన పూట తాతయ్య అమ్మని చర్చి కొండ ఎక్కించి, సన్నటి నీళ్లదారిలో ఓడలు హార్బరులోకి రావడం చూపించేవాడట. పెళ్లై భిలాయి వచ్చాక అమ్మ ఆ కొండ మళ్లీ ఎక్కలేదు. ఇప్పుడేమో కళ్లలో నీటికాసులు. చుట్టూ ఉన్న చూపంతా పోయి, గొట్టంలోంచి చూసినట్టు నడుమ కాస్త మిగిలింది. అది కూడా ఎన్నాళ్లుంటుందో చెప్పలేనన్నాడు డాక్టరు. అమ్మ కోరింది ఒకటే. ఆ కొండెక్కి ఒక్క ఓడ చూడాలి.

"అది నా పూచీ వదినా. ఓడ ముందర నిలబెడతాను," అన్నాడు బాబాయ్, నా బండి దగ్గరే, నా ఇడ్లీ నములుతూ.

ఆ రోజు పొద్దున్న ముందుగా బీచ్ ఒడ్డునున్న సబ్‌మెరైన్. మ్యూజియం చేసి పెట్టారు. లోకమంతా ఇటు ఎక్కి అటు దిగిపోతుంది. మనవాళ్లు అలా దిగిపోతే భిలాయివాళ్లు ఎందుకవుతారు? ఒకాయన ఇనుప గోడని వేలితో కొట్టి, చెవి ఆనించి, ప్లేటు మందం చెప్పాడు. ఇంకొకాయన వెల్డింగుకి వంకలు పెట్టాడు. అంతలో బాబాయ్‌కి ఒక మీటరు మీద రష్యన్ అక్షరాలు కనిపించాయి. ఇక అయిపోయింది. కుర్రతనంలో రష్యన్ ఇంజనీర్ల కింద పనిచేసినవాడు, ఆ అక్షరాల మధ్యే జుట్టు నెరిసినవాడు. ప్రతి మీటరు దగ్గరా ఆగి చదవడం, చదివినదానికి అర్థం చెప్పడం. ఒక్క మనిషి పట్టే దారిలో అడ్డంగా నిలబడి చెప్పాడు. వెనక జనం తిట్టుకుంటూ ఆగిపోయారు. మన ప్లాంటులో తుప్పు పట్టిన మెషీన్ల మీద ఉన్న అక్షరాలే చూడ్డానికి అంత దూరం రైలెక్కి రావాలా?

పెరిస్కోప్ గొట్టం దగ్గర అమ్మని ప్రత్యేకంగా నిలబెట్టి పాఠం చెప్పాడు. ఇందులోంచి చుట్టూ ఉన్నదంతా ఒక్కసారి కనబడదని, ముక్కముక్కగా తిప్పుకుంటూ చూడాలని.

"నాకు దినమూ అలగే అగుపిస్తాది మరిదీ," అంది అమ్మ. అందరూ నవ్వారు. బాబాయ్ ఇంకా గట్టిగా నవ్వాడు.

బయటికొచ్చేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. తర్వాత భోజనాలు, తర్వాత రోప్‌వే ఉన్న కొండ మీద ఫోటోలు. సాయంత్రం బస్సు తిన్నగా స్టేషన్ వైపు తిరిగింది. పాత ఊరి మాటేమిటని అడిగాను. టైమ్ నహీ హై అన్నాడు, ఆ టైమ్‌ని ఇంకెవరో తినేసినట్టు. మాటిచ్చావు కదా అన్నాను. అప్పుడు గొంతు తగ్గించాడు. చాలినంత తగ్గించలేదు.

"అయినా ఆవిడికి ఏటి అగుపిస్తాదిరా? ఫోన్లో ఫోటో తీసి సూపించీ."

అమ్మ ముందు సీట్లోనే ఉంది. పోతున్నది చూపు, చెవులు కాదు. కొంగు సర్దుకుని, వెనక్కి తిరక్కుండానే, "పోనీరా," అంది. జీవితమంతా నాన్న కొలిమి షిఫ్టుల వేళలకి వండిపెట్టిన మనిషి పోనీరా అంటే పోనివ్వడానికి నేనెవణ్ణి? బస్సు ఆపమని డ్రైవరు మీద అరిచాను. బాబాయ్ ఈల ఊదాడు. ఎందుకో తెలియకుండానే బస్సులో సగంమంది లేచి నిలబడ్డారు.

"రష్యా దాకా ఊదుకో బాబాయ్. మేం దిగిపోతున్నాం," అన్నాను.

ఆటోలో వెళ్లాం. నా భుజం పట్టుకుని అమ్మ కొండెక్కింది. కింద క్రేన్లు, నల్లటి బొగ్గు గుట్టలు. నీళ్లదారి మాత్రం ఖాళీగా ఉంది. ఓడ రాకపోతే ఏ మొహం పెట్టుకుని దిగాలో తెలియక సముద్రాన్ని కూడా తిట్టుకున్నాను. పొద్దు వాలుతుండగా వచ్చింది. అమ్మ తలని అటు తిప్పాను. ముందు ఓడ ముక్కు, తర్వాత ఎర్రటి గోడ, ఇంకా గోడ. తల కొంచెం కొంచెంగా తిప్పుకుంటూ అమ్మ ముక్కముక్కా చూసింది.

"ఇంకా అవనేదేటిరా?"

"ఇంకా ఉందే అమ్మా."

"మా అయ్య సరుకు దించిన ఓడలు ఇంతింత నేవురా," అంది. ఓడ వెనక కొసనున్న తెల్ల గదులు కూడా దాటిపోయేదాకా తల తిప్పుతూనే ఉంది.

మళ్లీ ఆటోలో స్టేషన్‌కొచ్చి, కదలబోయే ముందు రైలందుకున్నాం. రైల్లో బాబాయ్ టీ తెచ్చిచ్చాడు. అమ్మ తీసుకుంది, ఓడ సంగతంతా ఆయనకే చెప్పింది. తన వంతు క్షమించేసింది. నా వంతు నా దగ్గరే ఉంది.

భిలాయి వచ్చిన మర్నాడు బండి దగ్గరికొచ్చి ఎప్పట్లా ఇడ్లీ అడిగాడు. ప్లేటు పెట్టి, పాత పేపరు సన్నగా చుట్టి చేతికిచ్చాను. ఒక కన్ను మూసుకుని ఇందులోంచి చూస్తూ తిను అన్నాను. నా వేళాకోళాలు అలవాటే కాబట్టి నవ్వుతూ కంటికి పెట్టుకున్నాడు. ఇడ్లీ దొరికింది. చెయ్యి ప్లేటు చుట్టూ తడుముకుంటూ తిరిగింది.

"సట్నీ ఏదిరా?" అన్నాడు.

చట్నీ పక్కనే ఉంది. ఆయన నవ్వు ఆగిపోయింది గానీ, ఆ గొట్టాన్ని చాలాసేపు కంటి నుంచి దించలేదు.