రెండు రాజధానులు, ఒక గోడ

రోవెనా మకటంగై చేసిన రెండు రోజుల యాత్ర గురించి బాంకాక్‌లోని ఫిలిప్పీనో వాళ్ళ మధ్య మూడు కథలు తిరుగుతున్నాయి. చరిత్ర గురువు ఆచాన్ సుపానీకి ఫిలిప్పీనో పిల్లలంటే గిట్టదు కాబట్టే రోవెనాకు పురావస్తు తవ్వకం బృందంలో చోటు దక్కలేదన్నది మొదటిది. ఇది ఆదివారం ప్రార్థన ముగిశాక చర్చి మెట్ల మీద వినబడుతుంది. డెల్ఫీ అక్క వెంటపడి వెళ్ళి పిల్ల చదువును మట్టిపాలు చేసిందన్నది రెండోది. ఇది డెల్ఫీ అక్క మెట్లు దిగి వెళ్ళిపోయాక వినబడుతుంది. రోవెనా రెండు పాత రాజధానులనూ ఆమూలాగ్రం చూసి వచ్చిందన్నది మూడోది. దీనికి ప్రచారకర్త ఫిలిప్పీన్స్‌లో, బతంగాస్‌లో ఉన్న ఆమె తల్లి. ఆవిడ దగ్గర సాక్ష్యం కూడా ఉంది: వందలకొద్దీ ఫోటోలు.

మొదటి రెండింటికీ ఆధారం లేదు గనుక వాటిని తోసిపుచ్చడం తేలిక. మూడోదానికి ఆధారం ఉంది. అబద్ధానికి ఆధారం దొరికినప్పుడే మనిషి కాస్త నిదానంగా చూడాలి.

రోవెనాను అందరూ వెంగ్ అంటారు. చరిత్రలో పై చదువు కోసం బాంకాక్ వచ్చి ఏడాది దాటింది. తెలివికి లోటు లేదు, కష్టపడటానికీ వెనుదీయదు. లోటల్లా ఎవరి నోటినుంచి ఏ కోరిక వచ్చినా కాదనలేకపోవడం. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో కొత్తగా వచ్చిన ఫాదిరీ పాత చర్చి రాతిగోడకు గులాబిరంగు పూయించాడు. ఊరంతా బ్రహ్మాండంగా ఉందంది. ఆ రంగు కింద ఏముండేదో ఎవరైనా రాసిపెట్టుకున్నారా అని వెంగ్ ఒక్కతే అడిగి, అమ్మమ్మ చేత మొట్టికాయ తిన్నది. ఆ ప్రశ్నే ఆమెను చరిత్ర విభాగం దాకా నడిపించింది. అందుకే, వేసవి సెలవుల్లో సుఖోతాయి దగ్గర జరగబోయే తవ్వకంలో విదేశీ విద్యార్థులకు ఒకే ఒక్క చోటుందని తెలిసిన నాటినుంచి ఆమెకు అన్నం సయించలేదు. ఫిలిప్పీనో పిల్లకు అన్నం సయించలేదంటే సంగతి చిన్నది కాదు.

ఆ చోటు ఎవరికివ్వాలో నిర్ణయించేది ఆచాన్ సుపానీ. గురువును అక్కడ ఆచాన్ అనే పిలుస్తారు. ఈ ఆచాన్ గొంతు పెంచడం ఎవరూ ఎరగరు. ఆ అవసరం ఆవిడకు ఎప్పుడూ రాలేదు. చోటు అడిగిన ప్రతివాళ్ళకూ ఆవిడ ఒకే పరీక్ష పెట్టింది.

"పాత గోడ ఏదైనా సరే, ఒక్కటి ఎంచుకో. దాని ముందు ఓ గంట కూర్చో. ఫోటోలు వద్దు, పుస్తకాలు వద్దు. ఎక్కడ విరిగింది, ఎవరు అతికారు, వాన నీళ్ళు ఎటు జారాయి, అది చూడు. సోమవారం వచ్చి చెప్పు."

"అంతేనా ఆచాన్?"

"అంతే. చాలామందికి అదే చేతకాదు."

వెంగ్ హాస్టల్‌కు దాదాపు ఎగురుతూ వచ్చింది. శనివారం అయుత్తయా, ఆదివారం సుఖోతాయి, థాయిలాండ్ పాత రాజధానులు రెండూ చూసి, రెంటిలో మంచి గోడను ఎంచుకోవాలని నిశ్చయించుకుంది. నిశ్చయం సబబైనదే. దాన్ని వంటగదిలో పైకి అనడమే పొరపాటు.

వంటగదిలో డెల్ఫీ అక్క ఉంది. ఒక బడిలో ఇంగ్లీషు పాఠాలు చెబుతూ అదే భవనంలో ఉంటుంది. ఎవరూ నియమించకుండానే అక్కడి ఫిలిప్పీనో పిల్లలందరికీ తల్లి పదవి స్వీకరించిన మనిషి.

"ఈ శనాదివారాలు అయుత్తయా, సుఖోతాయి వెళ్ళొస్తా అక్కా."

"ఎవరితో?"

"ఒక్కదాన్నే."

డెల్ఫీ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఒక్కదానివేనా? ఏమైందే? ఆ అబ్బాయితో ఏమన్నా చెడిందా?"

"ఏ అబ్బాయి? నాకెవరూ లేరక్కా."

"మరీ పాపం."

వెంగ్‌కు ఎదురుచెప్పే వ్యవధి లేకపోయింది. ఒంటరిగా తినే మనిషినీ, ఒంటరిగా తిరిగే మనిషినీ చూస్తే ఫిలిప్పీనో జనానికి కలిగే జాలి ఇంతా అంతా కాదు. జబ్బు మనిషినైనా కాసేపు వదిలిపెడతారు గాని ఒంటరి మనిషిని వదిలిపెట్టరు. సాయంత్రానికల్లా డెల్ఫీ శనివారం పాఠాలకు సెలవు పెట్టుకుంది. చర్చి బృందంలో గిటారు వాయించే నొనోయ్ అన్న గిటారుతో సహా బయల్దేరతానన్నాడు. మిగతావాళ్ళు, రాలేనందుకు నొచ్చుకుంటూ, ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఒకే మాట అన్నారు: "నాకేమీ తేవద్దే, నువ్వు క్షేమంగా వస్తే అదే పదివేలు." ఈ మాటకు అర్థమేమిటో ఫిలిప్పీనో ఇంట్లో పుట్టిన పసిపిల్లకైనా తెలుసు. ఊరెళ్ళిన మనిషి వట్టి చేతులతో తిరిగి వస్తే, దారిలో ఇంటివాళ్ళెవరూ గుర్తుకు రాలేదని ఒప్పుకున్నట్టే.

శనివారం పొద్దున అయుత్తయాలో రైలు దిగగానే ముందు తిన్నారు. తరువాత ఫోటోల పని మొదలైంది. నొనోయ్‌కి ఇందులో ఒక సిద్ధాంతముంది. వెంగ్ ఒక స్తూపం వైపు ఫోన్ ఎత్తి పట్టుకునేసరికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"మనిషి లేని ఫోటో ఎందుకే? అదే కావాలంటే అంగట్లో బొమ్మ కొనుక్కుంటే పోలా?"

"అన్నా, నాకు ఆ ఇటుకలు కనబడాలి."

"కనబడతాయి, నీ వెనకాల. కొంచెం పక్కకు జరుగు. ఇంకొంచెం. గడ్డం దించు. డెల్ఫీ అక్కా, నువ్వూ రా, ఈ ఎండలో నీ రంగు బాగా పడుతుంది."

"నా రంగు జోలికొస్తే నీ గిటారు పగులుద్ది," అంటూనే డెల్ఫీ వచ్చి నిలబడి రెండు వేళ్ళు ఎత్తింది.

అలా ఒక స్తూపం ముందునుంచి మరో స్తూపం ముందుకు, శిల్పాలకు వీపు తిప్పి నిలబడుతూ, మధ్యాహ్నం దాకా గడిచింది. ఆ తరువాత కానుకల సంగతి వచ్చింది. అయుత్తయా వెళ్ళినవాళ్ళు పచ్చటి పలుచని రొట్టెలో పీచుమిఠాయి చుట్టుకు తినే పొట్లాలు తేకపోతే, వెళ్ళినట్టు ఎవరూ నమ్మరు. ఆ దుకాణాల వరసలో ఏది అసలైనదన్న దానిమీద డెల్ఫీకీ నొనోయ్‌కీ వాదం పుట్టింది. నొనోయ్ మూతి ముందుకు చాచి ఒక దుకాణం వైపు చూపించాడు. డెల్ఫీ తన మూతితో ఎదుటి దుకాణం చూపించింది. చివరికి రెండుచోట్లా బారు తీరారు. వెంగ్ ఎండలో నిలబడి, తన ముందున్న మనిషి వీపును చాలాసేపు చూసింది. ఆ శనివారం ఆమె నిదానంగా పరిశీలించినది అదొక్కటే.

ఇంతవరకు డెల్ఫీ మీద నేరం రుజువైనట్టే కనిపిస్తుంది. ఆదివారం జరిగినది కూడా వింటే అలా కనిపించదు.

రాత్రి బస్సులో చేరిన సుఖోతాయిలో పొద్దున్నే ప్రార్థన. దగ్గరలో చర్చి లేదు గనుక చెట్టుకింద ఫోన్‌ను నీళ్ళసీసాకు ఆనించి, మనీలాలో జరిగే పూజను అందులో చూశారు. డెల్ఫీ లేవాల్సిన చోట లేచింది, మోకరిల్లాల్సిన చోట గడ్డిలోనే మోకరిల్లింది. తరువాత డబ్బాలోంచి అడోబో, అన్నం. వెనిగర్‌లో ఉడికిన మాంసం కనుక రెండోరోజుకే దానికి రుచి వస్తుందని ముగ్గురూ ఒప్పుకున్నారు. డెల్ఫీ చేతులు కడుక్కుని చెట్టు మొదట్లో చాప పరిచింది.

"ఏమే వెంగ్, నీ గోడ సంగతేమిటి?"

"చూస్తాలే అక్కా."

"ఎప్పుడు చూస్తావు, బస్సెక్కాకా? ఇంకా బోలెడు పొద్దుంది. పో. మేము రాము. నా మోకాళ్ళు నీ చరిత్రకు పనికిరావు."

"నువ్వొక్కదానివే పడుకుంటావా?"

"ఒక్కదాన్నెందుకు, వీడు లేడూ? గురక పెడతాడు, తోడుంటుంది. నువ్వు పోవే తల్లీ."

ఈ సంభాషణను డెల్ఫీ చెప్పింది, నొనోయ్ ఔనన్నాడు, వెంగ్ కాదనలేదు. ముగ్గురి మాటా కలిసిన చోట సందేహించే పని లేదు. ఆమెకు గంటకు పైగా సమయం చిక్కింది. అడ్డు ఎవరూ లేరు.

వెంగ్ వెళ్ళింది. పేరు పలక కూడా లేని ఒక చిన్న బౌద్ధ విహారం, గడ్డిలో సగం కూరుకుపోయిన గోడ ఒకటి ఆమెకు కనబడింది. మంచి గోడ. జనం లేరు. నీడ కూడా ఉంది. ఆమె ఎదురుగా కూర్చుంది. కూర్చుని, సంచీ పక్కన పెట్టబోతూ అందులోని పొట్లాలు చూసింది. వంటగదిలోని వాళ్ళందరికీ ఉన్నాయి. కాపలా మనిషికీ, బట్టలు ఉతికే ఆవిడకీ ఉన్నాయి. ఆచాన్‌కు లేదు.

పెద్దావిడ దగ్గరకు, అందులోనూ ఆవిడ పంపితే వెళ్ళిన ఊరినుంచి, వట్టి చేతులతో వెళ్ళడమా? అంతవరకూ గోడను చూడటానికి సిద్ధంగా ఉన్న మనసు అక్కడితో చెదిరింది. గోడకు అవతల రోడ్డు పక్కన పింగాణీ పళ్ళేలు అమ్ముతున్నారు. ఇప్పుడే వచ్చేస్తాననుకుని లేచింది.

పళ్ళేలమీద చేపల బొమ్మలు. ఒకదాని మీది చేప ఇటు చూస్తోంది, ఒకదానిది అటు చూస్తోంది. ఒకటి మరీ నవ్వుతున్నట్టుంది, గురువుకు బాగుండదు. ఇంకొకటి ఏడుస్తున్నట్టుంది, అది అసలే బాగుండదు. అమ్మే ఆవిడ ఓపికగా లోపలినుంచి మరికొన్ని తెచ్చింది. వెంగ్ ప్రతి చేప తోకనూ, మొప్పలనూ, గీత వంపునూ, పళ్ళెం అంచు మీది పగులునూ వేలితో తడిమి చూసింది. గోడకు ఇవ్వవలసిన శ్రద్ధనంతా పళ్ళేనికి ఇచ్చింది. గంభీరమైన చేప దొరికేసరికి డెల్ఫీ ఫోన్ చేసింది, బస్సుకు వేళైందని. వెంగ్ పరుగున వచ్చి, గోడ ముందు నిలబడి, ఒక చేత్తో పళ్ళెం ఎత్తిపట్టుకుని, రెండో చేత్తో తన ఫోటో తానే తీసుకుని వెళ్ళిపోయింది.

సోమవారం ఆచాన్ సుపానీ పళ్ళేన్ని రెండు చేతులా అందుకుని, బాగుందని చెప్పి, అల్మరాలో పెట్టింది. ఊరెళ్ళి వచ్చేవాళ్ళు ఏదో ఒకటి తేవడం థాయి వాళ్ళకూ అలవాటే. ఆ అల్మరాలో అప్పటికే చాలా చేపలున్నాయి.

"ఊఁ, చెప్పు."

వెంగ్ బాగా చెప్పింది. ఇటుకలు కాల్చే పద్ధతి, సున్నంలో కలిపే దినుసులు, ఏ రాజు కాలంలో ఏ తీరు కట్టడం, అన్నీ వరసగా చెప్పింది. ఆచాన్ మధ్యలో ఆపలేదు.

"నేనూ అవే పుస్తకాలు చదివాను. ఇప్పుడు నీ గోడ చెప్పు. ఎక్కడ విరిగింది?"

"పైభాగంలో, ఆచాన్."

"పాడుబడ్డ గోడలన్నీ అక్కడే విరుగుతాయి. అతుకు ఎక్కడుంది?"

"ఎడమవైపు."

"దేనితో అతికారు?"

"ఇటుకతోనే."

"పాతదానికన్నా చిన్న ఇటుకా, పెద్దదా?"

వెంగ్ ఫోన్ తీసింది. "ఫోటో ఉంది ఆచాన్, చూసి చెబుతాను."

"వద్దన్నాను. సరే, తీశావు కదా, చూపించు."

ఫోటోలో ఎడమవైపు వెంగ్ ముఖం ఉంది, కుడివైపు చేప ఉంది. రెంటి మధ్య బెత్తెడు గోడ ఉంది, దానిమీద ఆమె జుట్టు ఎగురుతోంది. ఆచాన్ దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, నిజంగానే ఇటుకల కోసం వెదికింది.

"నువ్వు బాగా పడ్డావు," అంది.

వెంగ్ తల దించుకుంది. "నేను చూడలేదు ఆచాన్. అతుకుందో లేదో కూడా నాకు తెలీదు. టైము దొరికింది. ఆ టైములో ఈ పళ్ళెం ఎంచాను."

"నా కోసమా?"

"మీ కోసమే."

"నేను నిన్ను అడిగింది గోడ కదమ్మా."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే వెంగ్‌కు కాస్త నయంగా ఉండేది.

తవ్వకంలో చోటు లావోస్‌నుంచి వచ్చిన ఖమ్లా అనే అబ్బాయికి దక్కింది. అతను జ్వరం వచ్చి ఏ ఊరూ వెళ్ళలేకపోయాడు. హాస్టల్ వెనకాల గుడికి ఉన్న పాత ప్రహరీ ముందు, తువ్వాలు కప్పుకుని కూర్చుని, దానిమీద చీమలు ఏ సందులోంచి వస్తున్నాయో కూడా చూసి వచ్చి చెప్పాడు.

తర్వాతి ఆదివారం సాయంత్రం డెల్ఫీ వంటగదిలో వెంగ్ పక్కన కూర్చుంది.

"నేను పొమ్మనే చెప్పాను కదే."

"చెప్పావక్కా."

"మరి నేను వెంటపడి వెళ్ళి నీ చదువు చెడగొట్టానని నా వెనకాల అందరూ ఆడిపోసుకుంటున్నారటేమిటే?"

డెల్ఫీ కాసేపు చూసి, కంచంలో ఇంకొంచెం అన్నం వడ్డించింది. వెంగ్ తిన్నది.

వెంగ్ రెండు రాజధానులకు వెళ్ళింది, రెంటినీ చూడలేదు. డెల్ఫీ శనివారం పాడుచేసిన మాట నిజమే. కానీ చోటు పోయింది ఆదివారం గంటతో, ఆ గంటను పాడుచేసుకున్నది వెంగ్ ఒక్కతే. ఆచాన్ సుపానీ అన్యాయం చేయలేదు. అడిగినప్పుడు వెంగ్ ముందు కల్పించి చెప్పింది, అది చెల్లకపోయాక నిజం చెప్పింది. చర్చి మెట్ల మీద మాత్రం ఆ నిజం ఇంతవరకూ చెప్పలేదు.