ఎడమ రెప్ప మీద ఊదారంగు

చిన్నమ్మి కసరత్తు మొదలుపెట్టింది ఒళ్ళు తగ్గడానికి కాదు, అత్తగారిని ఎత్తడానికి. టాటానగర్‌లోని అగ్రికో క్వార్టర్లలో ఆ మాట విన్నవాళ్ళు ముందు నవ్వేవారు. తర్వాత ఆ అత్తగారు దాలమ్మ ఆకారం ఒకసారి గుర్తు చేసుకుని నవ్వు ఆపేసేవారు.

దాలమ్మ పెనిమిటి టాటానగర్ రైల్వే యార్డులో పాయింట్స్‌మన్‌గా చేసి, చేస్తూనే పోయాడు. పెద్దకొడుకు, చిన్నమ్మి మొగుడు నీలకంఠం స్టీలు కంపెనీలో క్రేను నడిపేవాడు. ఒక ఆదివారం తలకి నూనె రాసుకుంటూ, సగం తలకి రాసుకుని, గుండె ఆగి పోయాడు. అతని ఉద్యోగం కూతురు రత్నానికి ఇచ్చారు. రత్నం కంపెనీ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చుని అందరికీ నంబర్లు కలుపుతుంది. అలా క్వార్టరు నిలిచింది. కొడుకు పోయిన మరుసటి ఏడు దాలమ్మకి ఎడమ వైపంతా పడిపోయింది. చెయ్యి పడింది, కాలు పడింది, ఎడమ కంటి రెప్ప సగం దాకా వాలిపోయింది. నోరు మాత్రం పడలేదు.

ఆవిడని మంచం మీంచి లేపాలంటే తల్లీకూతుళ్ళిద్దరూ కావాలి. రత్నం డ్యూటీలో ఉన్న ఒక పూట చిన్నమ్మి ఒక్కతే లేపబోయింది. స్నానాలగది గడప దగ్గర ఇద్దరూ కలిసి పడ్డారు. దాలమ్మకి ఏమీ కాలేదు, ఎందుకంటే కింద చిన్నమ్మి ఉంది. చిన్నమ్మి మోచెయ్యి వాపు తగ్గకముందే ఆ కబురు రైలెక్కి విజయనగరం చేరిపోయింది. అక్కడ జూట్ మిల్లులో పనిచేసే రెండో కొడుకు జగ్గారావు, వానలు తగ్గగానే వచ్చి అమ్మని తీసుకుపోతానని చెప్పి పంపాడు. తన ఇంట్లో ఎత్తడానికి మనుషులున్నారన్నాడు. తప్పు మాట కాదు.

"మంచిదే కదేటే, నీకూ సుకం," అంది పక్క క్వార్టరు సూర్యకాంతం.

చిన్నమ్మి ఊఁ అంది.  ఆ ఇంట్లో నీలకంఠం పేరు ఎత్తేది ఇద్దరే. తండ్రి మాట వస్తే రత్నం లేచి పక్క గదిలోకి పోయేది. సాయంత్రం దీపం పెట్టాక దాలమ్మ మొదలుపెట్టేది, చిన్నప్పుడు వాడు మట్టి ఎలా తినేవాడో. చిన్నమ్మి అందుకునేది, పెళ్ళయ్యాక పులుసులో ఉప్పెక్కువైతే ఎలా అలిగేవాడో. బతికున్న మనిషి మీద చాడీలు చెప్పుకున్నట్టు చెప్పుకునేవారు. ముసలావిడ వెళ్ళిపోతే ఆ చాడీలు ఎవరికి చెప్పాలి? ఇది బయటికి చెప్పుకునే కారణంలా లేదు. అందుకని చిన్నమ్మి ఇంకో దారి చూసింది. తను ఒక్కతే ఎత్తగలిగితే తీసుకుపోవడానికి మరిదికి వంక ఉండదు.

కమ్యూనిటీ సెంటర్లో మధ్యాహ్నం పూట ఆడవాళ్ళకి జిమ్ము తెరిచేవారు. బులూదీ అనే బెంగాలీ ఆవిడ మెడలో విజిల్ వేసుకుని నేర్పించేది. వచ్చేవాళ్ళలో సగం మంది పెళ్ళి కావలసినవాళ్ళు, మిగతా సగం పెళ్ళయి లావైనవాళ్ళు.

"క్యా చాహియే? పత్లా హోనా?" అని అడిగింది బులూదీ, సన్నబడాలా అని.

"నహీఁ దీదీ. సాస్ కో ఉఠానా హై," అంది చిన్నమ్మి తనకొచ్చిన హిందీలో. అత్తని ఎత్తాలి.

బులూదీ ఆవిడని కిందనుంచి పైదాకా చూసింది. "కహాఁ సే కహాఁ?"

"ఖాట్ సే కుర్సీ."

మంచం మీంచి కుర్చీలోకి. బులూదీకి ఆ జవాబు నచ్చింది. ఆ గదిలో ఏం కావాలో అంత కచ్చితంగా తెలిసి వచ్చినవాళ్ళు అంతకుముందు లేరు.

చీర కుచ్చిళ్ళు దోపుకుని చిన్నమ్మి బస్కీలు తీసింది. మొదటి వారం ఇంట్లో పీట మీంచి లేవలేక గోడ పట్టుకుని లేచింది. ఎక్కడికీ పోని సైకిలు తొక్కింది. ఇనప గుళ్ళు ఎత్తి దించింది. నడుంతో ఎత్తకూడదు, తొడలతో ఎత్తాలి, ఎత్తే మనిషిని గుండెకి హత్తుకోవాలి అని బులూదీ రోజూ అరిచేది. ఒక ఇసక బస్తా ఇచ్చి దాన్ని అత్త అనుకోమంది. చిన్నమ్మి అనుకుంది. కానీ బస్తా మెడ పట్టుకుని వేలాడదు, మధ్యలో "ఆగే, నా కొంగు తొక్కీసినావు" అని అనదు. ఆ సంగతి చెబితే బులూదీ ఆలోచించి, ఇనప గుళ్ళు ఎత్తుతున్న ఒక పంజాబీ ఆవిడని పిలిచి బల్ల మీద పడుకోబెట్టింది. పంజాబీ ఆవిడ పాపం మంచిది, కొంగు తొక్కితే ఏమీ అనలేదు.

కంటి రంగుల పెట్టె రత్నానిది. స్నేహితురాలి పెళ్ళికని బిష్టుపూర్ బజార్లో కొంది. నీలం, ఆకుపచ్చ, ఊదా, ఇంకా పేరు తెలియని రంగులు చిన్న చిన్న గూళ్ళలో ఉంటాయి, ఒక బుల్లి కుంచె ఉంటుంది. ఆ పెళ్ళిలో ఎవరో నవ్వారట. పెట్టె బీరువాలోకి పోయింది. బట్టలు సర్దుతుంటే దాలమ్మ కంటపడింది.

"ఏటే అది?"

"కంటికి రాసుకునే రంగులంట అత్తా. రెప్ప మీద."

"నాకు రాయి."

"నీకా?"

"మరెవులికి? పొద్దల్లా పడుకుని సూరు సూత్తన్నాను. నా మొకాన ఏటైనా ఉంటే వచ్చినోల్లన్నా కాసేపు సూత్తారు."

రత్నం అప్పుడే డ్యూటీ నుంచి వచ్చింది. "మమ్మీ, ఛోడో నా! లోగ్ క్యా కహేంగే!" అంది, వదిలెయ్, లోకులేమంటారు అని.

"లోకులు వచ్చి నన్ను ఎత్తుతన్నారేటే?" అంది దాలమ్మ. ఆవిడకి హిందీ మాట్లాడ్డం రాదు గానీ, తన మీద అన్నది మాత్రం ఏ భాషలో అన్నా అర్థమయ్యేది.

మొదటిరోజు చిన్నమ్మి నీలం రాసింది. చెయ్యి అలవాటు లేక అది కణత దాకా పాకింది. తర్వాత ఆకుపచ్చ రాసింది. దాలమ్మ అద్దంలో చూసుకుని, సిగ్నలు ఇచ్చినట్టుంది, మీ మామ ఉంటే బండి వదిలీసును అంది. ఆ తర్వాత ఒక్కో కంటికి ఒక్కో రంగు. కుడి రెప్ప మీద ఏం రాసినా కన్ను మూస్తేగాని కనబడదు. వాలిపోయిన ఎడమ రెప్ప మీద రంగు మాత్రం పొద్దున్నించి రాత్రిదాకా కనబడుతుంది. అందుకని మంచి రంగులన్నీ ఎడమ వైపుకే ఖర్చయ్యేవి. పడిపోయిన వైపుకి ఒక లాభం తేలినందుకు దాలమ్మ సంతోషించింది.

"నివ్వూ రాసుకోయే. నానొక్కర్తినే రాసుకుంటే మతి పోయిందంతారు."

"ఇద్దరం రాసుకుంటే?"

"ఇద్దరికి ఒక్కపాలి మతి పోదు."

చిన్నమ్మి రాసుకుంది. జిమ్ముకి వెళ్ళేముందు తుడుచుకునేది. ఒకరోజు మరిచిపోయి ఆకుపచ్చ రెప్పలతోనే వెళ్ళింది. బులూదీ దగ్గరకొచ్చి చూసి, విజిల్ ఊది, ఇంకో పది బస్కీలు తియ్యమంది. అంతే.

సూర్యకాంతం మాత్రం ఊరుకోలేదు. చిన్నమ్మి గ్లాసులో టీ పోస్తుంటే వంగి మొహంలోకి చూసింది.

"ముండమోసినోల్లకి కంటికి రంగులేటే, అత్తాకోడల్లిద్దరూనూ?"

మంచం మీంచి దాలమ్మ అందుకుంది. "పెద్దదినం నాడు మీరందరూ కూకుని సెప్పినారు. బొట్టు వద్దన్నారు, తీసీసినాను. గాజులు వద్దన్నారు, పువ్వులు వద్దన్నారు, పసుపు వద్దన్నారు. అన్నీ వొదిలీసినాను. రెప్ప మీద నీలం వద్దని ఎవులు సెప్పినారు? పేరు సెప్పు."

సూర్యకాంతానికి పేరు తట్టలేదు. టీ తాగి, తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళకీ దినాలకీ పెద్దగా కూర్చునే ముసలయ్య దగ్గరికి పోయి అడిగింది. ముసలయ్య కొన్నాళ్ళు ఆలోచించాడు. మన ఊళ్ళో కాటుక వద్దంటారు, కాటుక నలుపు, ఇది నలుపు కాదు, కాబట్టి వద్దనడానికి తనకి దారి లేదు, కానీ తన కంటికి కనబడకుండా ఉంటే మంచిది అని తేల్చాడు. ఆయన కళ్ళకి శుక్లాలు. ఆయన చెప్పినట్టే జరిగింది.

వానలు తగ్గాయి. జగ్గారావు వచ్చాడు, తిరుగు ప్రయాణానికి రెండు బెర్తులు రిజర్వు చేయించుకుని మరీ వచ్చాడు. ఆ పూట దాలమ్మకి ఊదారంగు రాసి ఉంది. కొడుకు వస్తున్నాడని కాస్త దట్టంగానే రాయించుకుంది.

జగ్గారావు చెప్పులు విడిచి లోపలికొచ్చి, తల్లి మొహం చూసి, సంచీ కింద పడేశాడు.

"వదినా! అమ్మకి కన్ను కమిలిపోనాదేటి? మల్లీ పడేసినావా?"

"నేదు బాబూ, అదీ..."

"ఎలా కమిలిపోనాదో సూడు! ఇంత దెబ్బ తగిలితే నాకు కబురు సెయ్యవా? అన్నయ్య ఉంటే ఇలా జరగనిచ్చునా?"

అన్నయ్య మాట వచ్చేసరికి చిన్నమ్మి చెప్పబోయేది వదిలేసి నూనె సీసా కోసం చూసింది. గుమ్మంలో సూర్యకాంతం చేరింది, ఆవిడ వెనక ఇంకో ఇద్దరు చేరారు. దాలమ్మ మాత్రం కదలకుండా పడుకుంది. కొడుకు తనకోసం అంత గట్టిగా అరిచి చాలా ఏళ్ళయింది.

చివరికి చిన్నమ్మి కొంగు చివర కొబ్బరినూనెలో ముంచి, వంగి అత్తగారి ఎడమ రెప్ప తుడిచింది. కొంగు ఊదా అయింది. రెప్ప మామూలు రెప్ప అయింది.

జగ్గారావు ఆ కొంగు చూశాడు, రెప్ప చూశాడు. దెబ్బయితే ఏం మాట్లాడాలో అతను రైల్లోంచే సిద్ధం చేసుకుని వచ్చాడు. దీనికేం మాట్లాడాలో అతని దగ్గర లేదు.

"అమ్మా, ఏటిది?"

"రంగు," అంది దాలమ్మ. "రెండోది తుడవకే. సానా సేపు పట్టింది."

జగ్గారావు చెంబెడు నీళ్ళు తాగాక, రంగు మాట పక్కన పెట్టి, ఎత్తే మాట ఎత్తాడు. ఆడమనిషి ఒక్కత్తీ ఎన్నాళ్ళు ఎత్తుతుందన్నాడు. చిన్నమ్మి మంచం పక్కన కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళు వంచి, అత్తగారి చేతిని మెడ చుట్టూ వేసుకుని, గుండెకి హత్తుకుని, లేచింది. ఆవిడతో పాటు దాలమ్మ కూడా లేచింది. ఇద్దరూ నెమ్మదిగా తిరిగారు. దాలమ్మ కుర్చీలో కూర్చుంది.

"సూసినావా," అంది దాలమ్మ కొడుకుతో. "నీ పెల్లికి కూడా నన్నింత బాగా కూకోబెట్టనేదు."

జగ్గారావు చెడ్డవాడు కాదు. తల్లిని ఇంకొకరి మీద వదిలేశాడన్న పేరు అతనికి అక్కడ ఊళ్ళో రోజూ వినబడేది. అతను ఎవరూ అనుకోని మాట అన్నాడు.

"నాకు నేర్పు వదినా. నేర్సుకుని తీసుకెల్తాను. అక్కడ మావోల్లకి నేర్పుతాను."

చిన్నమ్మి ఇన్నాళ్ళు ఏ పట్టుతో అత్తని నిలుపుకోవాలనుకుందో, ఆ పట్టే నేర్పి పంపమంటున్నాడు. తప్పు నేర్పొచ్చు. నడుంతో ఎత్తమని ఒక్క మాట చెబితే చాలు, మధ్యాహ్నానికి మంచం పట్టేస్తాడు. కానీ తప్పు నేర్పితే పడేది అత్తే.

ఆవిడ సరిగ్గానే నేర్పింది. కాళ్ళు ఎంత ఎడం పెట్టాలో చూపించింది. ఎక్కడ పట్టుకోవాలో అతని చేతులు పట్టుకుని పెట్టింది. దాలమ్మని మళ్ళీ మంచం అంచున కూర్చోబెట్టి పక్కకి తప్పుకుంది.

"ఇప్పుడు లెగు బాబూ. నడుం కాదు, తొడలు."

జగ్గారావు లేచాడు. దాలమ్మ లేవలేదు. అతను పట్టు సరిచేసుకుని మళ్ళీ లేచాడు. మెడలో నరాలు ఉబ్బాయి. మంచం ఒక కోడు నేల విడిచి లేచింది గానీ దాలమ్మ మంచం విడవలేదు. గుమ్మంలో ఎవరో "హే భగవాన్" అన్నారు.

"నువ్వు సెప్పినట్టే సేసినాను కదా వదినా?"

"అలాగే సేసినావు బాబూ," అంది చిన్నమ్మి. నిజమే చెప్పింది.

భోజనమయ్యాక ఒకసారి, సాయంత్రం ఒకసారి, మర్నాడు పొద్దున్న ఇంకోసారి ప్రయత్నించాడు. ప్రతిసారీ మంచమే లేచింది. ఆ పొద్దున్న చిన్నమ్మి నేల తుడవడానికి వంగినప్పుడు కనబడింది. చీర కుచ్చిళ్ళ చాటున దాలమ్మ కుడికాలు, బాగున్న కాలు, మంచం అడ్డపట్టీకి పాములా చుట్టుకుని ఉంది.

చిన్నమ్మి గుడ్డ పిండి, నేల తుడుచుకుంటూ గుమ్మం దాకా పోయింది.

"ఇక్కడి నీల్లకి అమ్మ బరువెక్కిపోనాది," అన్నాడు జగ్గారావు, చెమట తుడుచుకుంటూ. "మావోల్ల వల్ల కాదు. ఉండనీ. నెలకోపాలి వత్తాను."

తల్లి కాళ్ళకి దణ్ణం పెట్టుకోవడానికి అతను వంగాడు. ఎడమ కాలు ఒక్కటే చేతికి అందింది. దానికే పెట్టుకుని, ఒక బెర్తు క్యాన్సిలు చేయించాలని రిక్షా ఎక్కి టాటానగర్ స్టేషన్‌కి పోయాడు.

రిక్షా మలుపు తిరిగేదాకా చిన్నమ్మి గుమ్మంలో నిలబడింది. తర్వాత లోపలికొచ్చింది.

"ఎల్లిపోనాడు. కాలు తీసియ్ అత్తా."

"ఏ కాలు?" అంది దాలమ్మ.

చిన్నమ్మి మంచం పక్కన కూర్చుని, ఆవిడ కాలిని పట్టీనుంచి విడదీసి, కమిలిన చోట నూనె రాయడం మొదలుపెట్టింది.

"వోడికి సిన్నప్పుడూ ఇంతే," అంది దాలమ్మ కళ్ళు మూసుకుని. "ఏదీ కిందకి వంగి సూడ్డు. నీలకంఠమైతే సూసీసును."

"సూసీసి, నవ్వీసును," అంది చిన్నమ్మి.