గురువారం పాటలు నావే

మా కంపెనీ బస్సులో గురువారం నాది. ఉప్పల్ రింగు రోడ్డులో బస్సెక్కిన క్షణం నుంచి నాచారంలో మా మందుల ఫ్యాక్టరీ గేటు ముందు దిగేదాకా, నాతో కలిపి నలభై ఇద్దరి చెవుల మీద సర్వాధికారాలూ నావే. చక్రవర్తులు ఏలిన రాజ్యాలకి కూడా ఇంత పొందికైన సరిహద్దులు ఉండి ఉండవు. దూరం పెద్దదేమీ కాదు. కానీ ఫ్లైఓవరు స్తంభాల మధ్య దారి వెతుక్కుంటూ, గుంతలను ఒక్కొక్కదాన్నీ పలకరిస్తూ మా బస్సు వెళ్ళే తీరుకి, నున్నగా గీసుకుని ఎక్కినవాడి గడ్డం దిగేసరికి గరుకు తేలుతుంది. పాటలు లేకుండా ఆ ప్రయాణం చేసి బతికి బయటపడినవాళ్ళని నేను చూడలేదు.

అందుకే మాలో మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. బస్సు నడిపే పెద్దాయన్ని అందరం మామ అంటాం. ఆయన తన సీటు వెనక ఒక స్పీకరు బిగించాడు. రోజుకొకరు తమ ఫోనుని దానికి కలిపి, ఈమధ్య తాము పదేపదే వింటున్న పాటలు అందరికీ వినిపించాలి. సోమవారం బాయిలర్ దగ్గర పనిచేసే తమ్ముడిది, మంగళవారం ప్యాకింగ్ సెక్షను అక్కది, అలా వారమంతా పంచుకున్నాం. పాట నచ్చనివాళ్ళు చెయ్యెత్తవచ్చు. మూడు చేతులు లేచాయంటే పాట అక్కడికక్కడే ఆగిపోవాలి. వరసగా మూడు వారాలు ఎవరి పాటైనా అలా ఆగిపోతే ఆ రోజు వాళ్ళ చేజారిపోతుంది. ముందుగా అడిగినవాళ్ళకి దక్కుతుంది. విన్నపాలు, వాయిదాలు లేవు. ఇంత నిర్దాక్షిణ్యమైన చట్టం భూమ్మీద ఇంకోటి ఉంటుందనుకోను. దాన్ని రాసిన మహానుభావుణ్ణి నేనే.

ఆ చట్టం కింద నాకు అప్పటికే రెండు గురువారాలు పోయాయి. మూడోది ఎదురుగా ఉంది. అదీ పోతే గురువారం తీసుకుంటానని బాయిలర్ తమ్ముడు అందరికన్నా ముందు అడిగి పెట్టుకున్నాడు. అతని సోమవారాల్లో పెళ్ళి బరాతు డప్పులు తప్ప ఇంకేమీ ఉండవు. వారానికి రెండు రోజులు ఆ మోత మోగితే మా బస్సు అద్దాలన్నీ ఊడి, మేమంతా వర్షాకాలంలో తడిసిపోవడం ఖాయమని నా లెక్క.

నా పాటలు ఎలాంటివో చెప్పాలి. ఫ్యాక్టరీలో నాది మాత్రల్ని పరీక్షించే పని. తయారైన మాత్రని గోరువెచ్చని నీళ్ళలో వేసి, ఎంతసేపట్లో కరుగుతుందో గడియారం పెట్టి చూస్తాను. ఇరవై ఏళ్ళుగా అదే పని చేస్తున్నాను కాబట్టి పాటలకీ అదే పరీక్ష. కొత్త పాటని స్నానం చేస్తూ వింటాను. రెండో చెంబుకే కరిగిపోయిందా, దానికో దండం. ఒళ్ళు తుడుచుకుని, ఇడ్లీలు తిని, చొక్కా గుండీలు పెట్టుకున్నాక కూడా లోపలెక్కడో గరగరలాడుతూ ఉందా, అది నా జాబితాలో చేరుతుంది. ఏడాదికి కోటి పాటలు ఇలా పరీక్షిస్తానని రాద్దామనుకున్నాను కానీ, ఇది మా ఆవిడ కూడా చదువుతుంది.

ఆ నెలలో పరీక్ష నెగ్గినవి నాలుగు. ఒకటి నేను పుట్టకముందుది. అందులో వేణువు చాలా ఆలస్యంగా వస్తుంది, అది రాకపోతే పాడే ఆవిడ ఏమైపోతుందోనని ప్రతిసారీ నాకు కంగారు. రెండోది కలుపు తీస్తూ ఆడవాళ్ళు పాడుకున్న పాట. ఎవరో గట్టు మీద నిలబడి ఫోనులో పట్టారు. నడుమ ఒక మేక అరుస్తుంది. ఆ మేక శ్రుతిలోనే అరిచిందని నా వాదన. సంగీతం తెలిసినవాళ్ళెవరూ ఇంతవరకు కాదనలేదు, ఎందుకంటే వాళ్ళనెవరినీ నేను అడగలేదు. మూడోది మా అమ్మాయి పంపిన కొత్త పాట. పాడే కుర్రాణ్ణి ఎవరో తరుముతున్నట్టున్నారు, ఆ వేగంలో నాకు నాలుగు మాటలు దొరికాయి. మిగతావి కూడా దొరికితే మోజు తీరిపోతుందని వెతకడం మానేశాను.

నాలుగోది కవ్వాలి. దక్కనీ ఉర్దూలో, తొమ్మిది నిమిషాలు. మల్లాపూర్‌లో ఒక మెకానిక్ దగ్గర స్కూటరు బాగుచేయించుకుంటూ మొదటిసారి విన్నాను. స్కూటరు బాగయ్యాక కూడా నేను అక్కడి నుంచి కదలకపోయేసరికి, ఇంకేదో చెడిందనుకుని ఆ మెకానిక్ పాపం మళ్ళీ విప్పడం మొదలుపెట్టాడు. మొదటి రెండు నిమిషాలు హార్మోనియం ఒక్కటే ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు మోగుతూ ఉంటుంది. తర్వాత ఒక గొంతు లేస్తుంది, దాని వెనక ఆరు గొంతులు, ఆపైన చప్పట్లు. ఆ చప్పట్లు మొదలైతే మా ఇంట్లో ఫ్యాను వేగం పెరుగుతుంది. పక్కింటివాళ్ళ కుక్కర్ ఒక కూత ఎక్కువ వేస్తుంది.

ఇంతటి పాటని చెప్పాపెట్టకుండా జనం మీదికి వదిలేస్తామా? కొంచెం పరిచయం చెయ్యాలి కదా. మొదటి గురువారం హార్మోనియం అందుకోగానే లేచి, సీట్ల మధ్య నిలబడి, స్కూటరు ఎలా ఆగిపోయిందన్న దగ్గర ఎత్తుకున్నాను. క్లచ్చు వైరు దాకా వచ్చేసరికి మూడు చేతులు లేచాయి. పాట ఆపేశాను. రెండో గురువారం స్కూటరు కొన్ననాటి నుంచీ చెబితే గాని వీళ్ళ మనసు కరగదని అక్కడి నుంచి మొదలుపెట్టాను. ఆరు చేతులు లేచాయి. రెండుసార్లూ బస్సు హబ్సిగూడ దాటలేదు.

ప్యాకింగ్ అక్క నా సీటు పక్కనుంచి దిగిపోతూ, సారు లేచి నిలబడితే ఇంక నాచారం రాదని ఎవరితోనో అంది. దాన్ని నేను మెచ్చుకోలు కింద జమ కట్టాను. బాయిలర్ తమ్ముడు అంత నాజూకు మనిషి కాదు.

“సార్, మీ పాట షురువైతే మా బాయిలర్ గూడ సల్లవడ్తది. గురువారం నాకిచ్చేయుండ్రి, బస్సును మస్తు గరం జేస్త.”

నవ్వేశాను కానీ ఆ రాత్రి అన్నం సహించలేదు. మూడు ముద్దలు తక్కువ తిన్నాను, ఇది మా వంశంలో ఎన్నడూ జరగలేదు. వినడానికి నవ్వులాటగానే ఉంటుంది గాని, మా పరీక్ష గదిలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గౌను, టోపీ, మాస్కు. పైకి కనిపించేవి రెండు కళ్ళు. అక్కడ అనవసరంగా మాట్లాడకూడదు. ఇరవై ఏళ్ళుగా నాతో పనిచేసినవాళ్ళకి నా చేతిరాత తెలుసు, నా కళ్ళద్దాల నంబరు కూడా తెలుసేమో. నా లోపల ఏం తిరుగుతూ ఉంటుందో తెలిసే వీలు ఆ గురువారం ఒక్కటే. అది కాస్తా పోతే మిగిలేది ఆ రెండు కళ్ళే.

ఇంత సంకటంలో, బుధవారం సాయంత్రం నా జ్ఞానదంతం తిరగబడింది. ఉప్పల్‌లోనే మా ఇంటి వెనక వీధి డాక్టరుగారు దాన్ని పెరికారు. పెరకడానికి పట్టిన బలంతో మెట్రో స్తంభమైనా ఊడి వచ్చేది. దవడలో దూది కుక్కి, రేపంతా నోరు విప్పకూడదన్నారు. సెలవు పెట్టమంది మా ఆవిడ. తల అడ్డంగా ఊపి, కాగితం మీద ‘గురువారం’ అని రాసి చూపించాను.

“ఆ పాటలకోసం రెండో దవడ కూడా ఇచ్చేసి వస్తారు మీరు,” అని ఆవిడ లంచ్ బాక్సులో పెరుగన్నం మెత్తగా కలిపి పెట్టింది.

పొద్దున్నే నేను బస్సెక్కేసరికి నా కుడి బుగ్గ నాకన్నా ముందు ఎక్కింది. ఫోను కలిపాను, పాట నొక్కాను, కూర్చున్నాను.  నేను లేస్తానని బస్సంతా చూస్తోంది. మామ అద్దంలోంచి రెండుసార్లు చూశాడు. దవడ పట్టుకుని, లేదన్నట్టు చెయ్యూపాను.

కలుపు పాట నడిచింది. మేక అరిచిన చోట వెనక సీట్లలో ఎవరో కిసుక్కుమన్నారు. చేతులు లేవలేదు. వేణువు పాట నడిచింది. అప్పుడూ లేవలేదు. కుర్రాడి పాటకి కిటికీ పక్క కూర్చున్న ప్యాకింగ్ అక్క పెదాలు కదిలాయి, నాకు దొరకని మాటలన్నీ ఆవిడకి దొరికినట్టున్నాయి. ఇదంతా నా బుగ్గ మీద జాలి అని తేల్చుకున్నాను. జాలైనా సరే, ఇంకో రెండు పాత పాటలు వేసుకుంటే నాచారం వచ్చేస్తుంది, గురువారం గట్టెక్కుతుంది. ఆ మాట మనసులో అనుకుంటూనే నా మీద నాకు రోత పుట్టింది. రెండుసార్లు నరికేసిన పాటని ఇంట్లో దాచేసి నిలబెట్టుకున్న గురువారం నాకెందుకు? హబ్సిగూడ మలుపులో బస్సు ఆగినప్పుడు కవ్వాలి నొక్కాను.

హార్మోనియం మొదలైంది. బాయిలర్ తమ్ముడి చెయ్యి గాల్లోకి లేచింది. నావైపు తిరిగి చూశాడు. నేను కూర్చునే ఉన్నాను. ఆ చెయ్యి పైన కాసేపు ఏం చెయ్యాలో తెలియనట్టు నిలబడి, చివరికి తల గోక్కోవడానికి దిగింది. ఆ రెండు నిమిషాలూ నాకు రెండు ఐదేళ్ళ ప్రణాళికలు. ముందున్న టిప్పరు లారీ కదల్లేదు, వెనక హారన్లు, నా వీపు మీద చెమట మూసీలా పారింది.

అప్పుడు ఆ గొంతు లేచింది.

వెనక ఆరు గొంతులు లేచాయి. చప్పట్లు పడ్డాయి. ప్యాకింగ్ అక్క చేతిలోని టిఫిను డబ్బా మూత మీద రెండు వేళ్ళు ఆడాయి. తర్వాత నాలుగు. ఆవిరి చప్పుడుని బట్టే బాయిలరు ఒత్తిడి చెప్పగలిగే చెవులు మా తమ్ముడివి. అతను ముందు సీటు కమ్మీ మీద దరువు అందుకున్నాడు, ఒక్కటంటే ఒక్కటి తప్పకుండా. నాచారం చౌరస్తాకి వచ్చేసరికి బస్సు నేల మీద నడవడం లేదు. అరడుగు పైన వెళ్ళింది. ఆ రోజు గుంతలు ఒక్కటీ తగలకపోవడానికి మరో కారణం ఉంటే చెప్పండి.

దరువు ఆపకుండానే తమ్ముడు నా వైపు వంగాడు.

“సార్, నేను పాట మీద ఎన్నడు చెయ్యెత్తలే. మీ స్కూటర్ ముచ్చట బంద్ జేయనీకె ఎత్తిన. ముచ్చట బంద్ జేయనీకె చట్టంల ఏం రాసిన్రు మీరు? ఏం రాయలే. ఇన్నొద్దులు గీ పాట మా దాంక రానే రాలే.”

నిజమే. పాట ఆపడానికి నిబంధన రాసిన మహానుభావుడు, మనిషిని ఆపడానికి ఏమీ రాయలేదు. పాపం వాళ్ళు చేతికి దొరికిన ఒకే ఒక్క చట్టాన్ని వాడుకున్నారు. రెండు వారాలపాటు ఆ కవ్వాలి వాళ్ళ చెవుల దాకా పోకుండా, క్లచ్చు వైరుతో సహా అడ్డంగా నిలబడింది నేనే. ఆ క్షణంలో చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది. దూది ఒప్పుకోలేదు.

బస్సు గేటు ముందు ఆగింది. పాట ఇంకా రెండు నిమిషాలుంది. మామూలుగా అక్కడ తొక్కిసలాట జరుగుతుంది. హాజరు యంత్రం మీద వేలు పెట్టడం ఒక్క నిమిషం ఆలస్యమైతే ఎర్రదీపం వెలుగుతుంది, ఆ ఎర్రదీపాన్ని తప్పించుకోవడానికి మావాళ్ళు కిటికీల్లోంచి కూడా దిగగలరు. ఆ రోజు ఒక్కరూ లేవలేదు. మామ ఇంజను ఆపి, పాట సౌండు పెంచాడు. టైమైపోతోందని చెప్పడానికి మెట్టెక్కిన వాచ్‌మన్ ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి అలాగే ఉండిపోయాడు. ఆఖరి చప్పట్లు ఆ పాడేవాళ్ళు కొట్టినవో మేం కొట్టినవో ఇప్పటికీ నాకు తెలియదు.

పాట అయిపోయాక మామ సీట్లోంచి వెనక్కి తిరిగాడు.

“గురువారం ఇంక ఎవలికన్న గావాల్నా?”

“సార్‌దే, మామా,” అన్నాడు బాయిలర్ తమ్ముడు. “నాకు సోమవారం సాలు. సార్, గా పాట జర నా ఫోన్ల ఏయుండ్రి.”

నలభై ఇద్దరం దిగి వరసగా వేళ్ళు పెట్టాం. నలభై రెండు ఎర్రదీపాలు. ఆ వెలుగు సైనిక్‌పురి దాకా కనిపించి ఉంటుంది. లోపల వరండాలో షిఫ్టు ఆఫీసరుగారు చేతులు కట్టుకుని నిలబడి, అందరూ కలిసి ఆలస్యం కావడమేమిటని అడిగారు. ట్రాఫిక్ అనేస్తే సరిపోయేది. ఉప్పల్ వైపు నుంచి వచ్చేవాళ్ళు ఆ మాటంటే ఎవరూ మారు మాట్లాడరు. ప్యాకింగ్ అక్క మాత్రం ఉన్నదున్నట్టు చెప్పింది.

“పాట అయిపోలే, సార్.”

ఏం పాట అది, అన్నారాయన. నలభై ఒక్కమందీ ఒకేసారి చెప్పడం మొదలుపెట్టారు. దూది ఉమ్మేసి నేనూ నోరు తెరిచాను గాని, నాకు సందు దొరకలేదు.