కళ్ళకద్దుకున్నందుకు

రిటైరయ్యాక లాటిన్ నేర్చుకున్నాను. ముప్ఫై ఏళ్ళు కెనడాలో, ఒంటారియో వంతెనల లెక్కలు చూసిన ఇంజనీరును, అరవై దాటాక చిన్నపిల్లలా విభక్తులు బట్టీ పట్టాను. అదంతా యూనివర్సిటీ లైబ్రరీలో ఉన్న ఒక్క పుస్తకం కోసం. ఎనిమిది వందల ఏళ్ళ నాటి చేతిరాత ప్రతి అది. దేవుడున్నాడని ఎలా తెలుస్తుంది, ఆత్మ ఒకటా అనేకమా అంటూ క్రైస్తవ సన్యాసులు వాదించుకున్న వ్యాసాలు, గొర్రె చర్మం మీద.

"మన ఉపనిషత్తులుండగా వాళ్ళ గొడవ నీకెందుకే?" అన్నారు మా ఆయన. ప్రశ్న బాగుంటే ఎవరిదైతే నాకేం?

మొదటి రోజు లైబ్రేరియనే ముచ్చటగా మొదటి పేజీ చూపించింది. అక్కడ సిలువ బొమ్మ సగం చెరిగిపోయి ఉంది. చదవబోయే ముందు సన్యాసులు పెట్టిన ముద్దులకు రంగు పోయిందట. కేటలాగులో కూడా అలాగే రాశారు. నాకా పుస్తకం మీద మనసు పడింది అప్పుడే. రెండేళ్ళుగా వెళ్తూ, ఆత్మ మీది వ్యాసాన్ని పెన్సిలుతో నోటుబుక్కులోకి ఎత్తి రాసుకుంటున్నాను. సగం అయింది.

మొన్న కుర్చీ జరుపుతుంటే, ట్రాలీ కింది అరలో ఉన్న ఆ పుస్తకం పెట్టెకు నా బూటు తగిలింది. లైబ్రేరియన్ పుస్తకం తీసి, పాత పుస్తకాలు నలగకుండా ఆనించే దిండు మీద పెట్టిందో లేదో, కళ్ళజోడు తీసేసి, దాన్ని రెండు చేతులా ఎత్తి కళ్ళకద్దుకున్నాను. కాలు తగిలితే మా ఇంట్లో అందరం చేసే పనే. ఆలోచించి చేసింది కాదు.

"కింద పెట్టండి!" అని అరిచిందావిడ.

తప్పే. మొహానికి రాసుకున్న క్రీము ఆ చర్మానికి పడదు. మళ్ళీ చేయనని అక్కడే చెప్పాను. అయినా సాయంత్రానికి ఈమెయిల్లో ఒక ఫారం వచ్చింది. పుస్తకం పట్ల అజాగ్రత్తగా, అగౌరవంగా ప్రవర్తించానని సంతకం పెట్టాలి. లేకపోతే రీడర్ కార్డు రద్దు.

నాకు ఒళ్ళు మండిపోయింది.

"సైన్ చేసి పంపించెయ్, ఫార్మాలిటీయే కదా. కార్డు పోతే నీ రెండేళ్ళ వర్క్ మధ్యలో ఆగిపోతుంది," అన్నారు మా ఆయన.

"అజాగ్రత్త అంటే చేస్తాను. అగౌరవం అంటే చచ్చినా చేయను."

మర్నాడు ఫారం ప్రింట్ తీసి, 'అగౌరవంగా' అన్న మాట కొట్టేసి, సంతకం పెట్టి, లైబ్రేరియన్ చేతికిచ్చాను. అలా మార్చడానికి వీల్లేదంది.

"మరి ముద్దులు పెట్టి బొమ్మ చెరిపేసిన సన్యాసులకు ఏ ఫారం పంపారు?" అనడిగాను.

ఆవిడ మొహం ఎర్రబడింది. "అది చరిత్ర," అంది.

"నాదీ అంతే."

ఆవిడ, రూల్ తన చేతిలో లేదని మెల్లగా చెప్పి, కార్డు అడిగింది. ఇచ్చేశాను. ఏడుపొచ్చింది, ఆపుకున్నాను. సంచిలోంచి సగంలో ఆగిపోయిన నా నోటుబుక్కు తీశాను. కళ్ళజోడు తీసి, ఆవిడ చూస్తుండగానే దాన్ని కళ్ళకద్దుకుని బయటికొచ్చాను.