మామ ఫోనులో ఎనిమిది రోజులు

ఫోనులోకి కొత్త ఆప్ రావాలంటే మా మేనమామ తణికాచలం ఆడపిల్లనిచ్చే ఇంటిని విచారించినంత విచారణ చేస్తాడు. తన ఫోనుకే కాదు, తిరుత్తణిలో మా నేతగాళ్ల వీధి మొత్తానికీ అంతే.

"లింకు పంపినారు మామా, నొక్కేదా?"

"ఎవురు చూసి ముద్ర వేసినారు దానికి?"

"తెలీదు."

"అయితే ముట్టొద్దు. ప్లే స్టోర్‌లో ఉంటే చూద్దాం."

ముప్పై ఏళ్లు చేనేత సంఘంలో చీరలను వెలుగుకు పట్టి చూసి ముద్ర వేసిన మనిషి ఆయన. స్టోర్‌లో దొరికినదాన్నైనా ముందు తన ఫోనులో ఎనిమిది రోజులు ఉంచి చూస్తాడు. స్టోర్‌వాళ్లు చూశారు కదా అంటే, "నేను చూడలేదా? అయినా నా ముద్రతోనే చిరుగు చీర పోయింది ఒకసారి. నేను దినానికి నూరు చూసినా, వాళ్లకు లక్షలు" అంటాడు.

"ఈ టార్చిలైటు ఆప్‌కు మన వియ్యంకుడి నంబరు ఎందుకంట?" అని ఒకసారి నన్నడిగాడు.

"మరి ఎందుకిచ్చినావు?"

"అడిగింది ఇస్తేనే కదా దాని బుద్ధి తెలిసేది."

ఆడికృత్తిక పండగ దగ్గరపడింది. పక్కింటి వళ్ళియమ్మక్క ఒంటరి మనిషి, తాను నేసిన చీరల ఫోటోలు పంపి అమ్ముకుంటుంది. ఆ ఫోనే ఆమె అంగడి. ఫోటోలకు మెరుగు పెట్టే ఆప్ ఒకటి స్టోర్‌లో చూసింది.

"ఎనిమిది రోజులు ఆగమ్మా" అన్నాడు మామ.

"పండగ పోయినాక నా చీరలు ఎవురు అడుగుతారన్నా? నా పొట్ట కొట్టేదానికే పుట్టినావు నువ్వు" అని విసురుగా వెళ్లిపోయింది.

మామ ఆ ఆప్‌ను తన ఫోనులో వేసుకున్న అయిదో రోజు, అందులోని ప్రతి నంబరుకూ ఆయన పేరుతో మెసేజీ పోయింది: 'మీ పొట్ట తగ్గాలా? మా మందు వాడండి.' తిరువళ్ళూరులో ఉండే వియ్యంకుడు శివప్రకాశం వాకిలి పట్టనంత మనిషి. వెంటనే ఫోను చేసి, "పండక్కు రాం బావా, మా పొట్టలు మీ ఇంట్లో పట్టవు" అని పెట్టేశాడు. మామకు మతి చలించిందని వీధంతా నవ్వింది.

మామ ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆప్ తీసేసి, వళ్ళియమ్మక్క చీరలను తనే మిద్దె మీదికి మోసి, పొద్దుటెండలో పరిచి ఫోటోలు తీసిచ్చాడు.

"ఆమె అడిగిన ఆప్ వల్లే అని చెప్పొచ్చు కదా" అన్నాను.

"చెబితే భయపడి ఫోనే ముట్టదు. ఆ మెసేజీ ఆయమ్మ గిరాకీలకు పోయుంటే అంగడి మూతపడేది. నాకేం, ఒక వియ్యంకుడే కదా."

నాకు ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది, మాట మాత్రం దాచలేకపోయాను. వళ్ళియమ్మక్కకు అంతా చెప్పేశాను. ఆమె మధ్యాహ్నం బస్సెక్కి తిరువళ్ళూరు పోయి, శివప్రకాశం ముందు కూర్చుని జరిగింది చెప్పి వచ్చింది.

మరునాడు శివప్రకాశమే ఫోను చేశాడు. "తప్పు నాదే బావా, పండక్కు వస్తాం" అన్నాడు. గొంతు తగ్గించి, "మా ఇంటిది పక్కన లేదులే. ఆ మందు యాడ దొరుకుతుంది?" అని అడిగాడు.