గుమ్మానికి కట్టిన వేపమండలు

అమలాపురంలో మా వీధివాళ్ళకి మొదట్లో పోలియో చుక్కలంటే హడలు. వేయిస్తే జ్వరం వస్తుందని ఒకరు, పిల్లలు పెద్దయ్యాక సంతానం కలగదని ఇంకొకరు. మా అత్తగారు రెండూ నమ్మారు. నా కొడుక్కి అప్పుడు ఎనిమిదో నెల. పక్కవీధిలో పోలియో వచ్చి కాలు ఈడ్చుకుంటూ బడికి వెళ్ళే ఆడపిల్లని చూసినప్పుడల్లా నాకు మావాడే గుర్తొచ్చేవాడు. అయినా, ఎంత చదువుకున్నదాన్నైనా, అత్తగారికి ఎదురు చెప్పే ధైర్యం నాకెక్కడిది!

ఆదివారం చుక్కలు వేసే చోటికి ఆవిడ మమ్మల్ని వెళ్ళనివ్వలేదు. తప్పిపోయిన పిల్లల కోసం నర్సమ్మగారు ఇంటింటికీ వస్తారని తెలిసి, సోమవారం పొద్దున్నే గుమ్మానికి వేపమండలు కట్టేశారు. ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోస్తే అలా కడతారు, ఇక పరాయివాళ్ళు గడప తొక్కరు. మా ఇంట్లో ఒక్కరికీ చిన్న పొక్కైనా లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కోపమంతా వంటింట్లో గిన్నెల మీద చూపించాను.

నర్సమ్మగారు వచ్చారు. మండలు చూసి గేటు దగ్గరే ఆగారు.

"కాచి చల్లార్చిన నీళ్ళే ఇవ్వండమ్మగారూ" అని చెప్పి వెళ్ళిపోయారు.

మర్నాడే ఆఖరి రోజు. సాయంత్రం మందుపెట్టె ఆసుపత్రికి వెళ్ళిపోతే మళ్ళీ ఎప్పటికో. మిట్టమధ్యాహ్నం ఆవిడ మళ్ళీ వచ్చారు, భుజాన పెట్టె, చేతిలో రెండు కొబ్బరిబొండాలు.

"మా దొడ్లోవండీ. అమ్మవారు పోసినవాళ్ళకి చలవ కదండీ. ఇక్కడ పెట్టేసి వెళ్తానండీ."

లేని జబ్బుకి ఆ ఎండలో మోసుకొచ్చిన బొండాలు! అత్తగారి మొహం పాలిపోయింది. వెళ్ళి మండలు లాగేశారు.

"లోపలికి రామ్మా" అన్నారు.

రెండు చుక్కలకీ మావాడు మొహం చిట్లించాడు. వాడి చిటికెన వేలి మీద సిరా గుర్తు చూసి నాకు ఏడుపొచ్చేసింది. నర్సమ్మగారి ఓర్పు ముందు నా చదువు ఎందుకూ పనికిరాలేదు.

అత్తగారు తలెత్తకుండానే అడిగారు. "ఎవరికి పోసిందని ఒక్కసారైనా అడగలేదేమ్మా?"

నర్సమ్మగారు పెట్టె మూత బిగించారు.

"ఆయ్, అడిగితే మీరింకో అబద్ధం ఆడాల్సొచ్చేదండీ. ఆ తరవాత సిగ్గుపడి నన్ను లోపలికి పిలిచేవారు కాదండీ. నాకు బాబు కావాలి గానండీ, మీ తప్పెందుకండీ?"