రెండు కిలోలు తియ్యి

సదానందం తూచకుండా దేన్నీ వదలడు. జెద్దాలో అతనితో ఒకే గదిలో ఏళ్ల తరబడి ఉంటున్నాను కాబట్టి ఈ మాట పూచీ పడి చెప్పగలను. అతని భుజాన ఎప్పుడూ కొక్కెం ఉన్న స్ప్రింగు కాంటా వేలాడుతుంటుంది. శుక్రవారం పుచ్చకాయ తెస్తే కోసేముందు సంచిలో వేసి కాంటాకు తగిలించాల్సిందే. కొత్త దిండు కొన్నా తూచాల్సిందే. ఒకసారి నేను జ్వరంతో ఆసుపత్రిలో ఉండి వస్తే, "ఎంత తగ్గినవో చూద్దాం పా" అని కాంటా చేతబట్టుకుని నన్నూ, పైన దూలాన్నీ మార్చి మార్చి చూశాడు. నేను మళ్లీ జ్వరం తెచ్చుకోలేదు.

ఇంజనీరు ఉదయ్‌కిరణ్ గారి బాబు మొదటి పుట్టినరోజుకు మమ్మల్ని పిలిచారు. అందరూ బొమ్మలు తెచ్చారు, సదానందం కాంటా తెచ్చాడు. బాబు తల్లి చరిత గారి చున్నీని ఉయ్యాలలా కట్టి, పిల్లవాణ్ణి అందులో కూర్చోబెట్టి, కాంటాకు తగిలించి పైకెత్తాడు. "పదకొండు" అని ప్రకటించాడు. బాబు సరిగ్గా తినడం లేదని దిగులుపడుతున్న ఆ తల్లి ఎంత మురిసిపోయిందంటే, మాకు అడక్కుండానే మళ్లీ బిర్యానీ వడ్డించింది.

ఇవన్నీ సరదాకి. అతని అసలు పని ఇంటికి పోయేవాళ్ల పెట్టెలు తూచడం. విమానానికి ముప్పై కిలోలు దాటితే అక్కడే, అందరి ముందూ పెట్టె విప్పి సామాను తీసి పారేయాలి. ఆ భయంతో మా వాళ్లంతా ముందురోజే సదానందాన్ని పిలుస్తారు. అతను మంత్రం వేసేవాడిలా కళ్లు మూసుకుని పెట్టె ఎత్తి, కళ్లు తెరిచి ముల్లు చూసి, ఒకే తీర్పు చెబుతాడు.

"తియ్యి. రెండు కిలోలు తియ్యి."

కంబళి తీసేవాడు కంబళి, ఖర్జూరాలు తీసేవాడు ఖర్జూరాలు. ఎల్లన్న ప్రతిసారీ టాంగు షరబతు పొడి డబ్బాలు తీసి, కన్నకూతుర్ని అత్తారింటికి పంపినట్టు మొహం పెట్టేవాడు.

విచిత్రమేమిటంటే, ఎయిర్‌పోర్టులో మాత్రం ఎవరి పెట్టె అయినా రెండు కిలోలు తక్కువే తూగేది. సాగనంపడానికి సదానందం ఎలాగూ వెంట ఉంటాడు. "ఇక్కడి కాంటా మనోళ్ల దిక్కే ఉన్నది" అని నవ్వి, చేతిలోని చిన్న మూట విప్పి చూపించి, ఆ ఖాళీలో సర్దేవాడు. ఊళ్లో ఫలానా వాళ్లు వచ్చి తీసుకుంటారని చెప్పేవాడు. అదంతా అతని హస్తవాసి అనుకునేవాళ్లం మేము.

ఇలా ఉండగా మా సౌదీ తెలుగు సంఘానికి ఆడిటర్ ఎన్నిక వచ్చింది. పాత ఆడిటర్ ఎగ్జిట్ వీసా కొట్టించుకుని పూర్తిగా ఇంటికి పోయాడు. జెద్దా, రాబిగ్, రియాద్, అల్ ఖర్జ్, ఎక్కడున్న సభ్యులైనా ఫోన్లో ఓటు వేయొచ్చు. సంఘం ఖర్చుల మీద కన్నేసి ఉంచేవాడు కావాలంటే సదానందం కంటే ఎవరున్నారని మేమే అతన్ని నిలబెట్టాం. ప్రచారం నా నెత్తిన పడింది. గుర్తు కాంటా, నినాదం "తూచేవాడికే ఓటు". అతను ఆ పోస్టరును కూడా తూచాడు.

అవతల నిలబడ్డది రాబిగ్ లో అకౌంటెంటుగా చేసే ప్రభాకర్ గారు. పెద్దాపురం వైపు మనిషి, మర్యాదస్తుడు, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. మా బెంగంతా అదే. చెడ్డవాడైతే తిట్టి ఓట్లు అడగొచ్చు.

ఎన్నికకు ముందు శుక్రవారం జెద్దా షరఫియా పేటలో ఒక హోటల్ మేడ మీద అభ్యర్థులిద్దరి సభ పెట్టాం. దూరపు వాళ్లు ఫోన్లో వింటున్నారు. ప్రభాకర్ గారు కింద కొట్టు నుంచి సీలు తీయని పది కిలోల బియ్యం బస్తా తెప్పించారు. "తూచేవారికే ఓటంటున్నారు కదండీ. ముందు ఆ కాటా ఎలా తూస్తుందో చూద్దామా?" అన్నారు.

నేను ఛాతీ విరుచుకుని బస్తాను కొక్కేనికి తగిలించాను. ముల్లు పన్నెండు చూపించింది.

ముందు వరసవాళ్లు లేచొచ్చి ముల్లును దగ్గరగా చూశారు. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. ఆ దొంగ కాంటా మూలాన తాము వదిలేసిన సామాన్లన్నీ గుర్తొచ్చాయి వాళ్లకు. కంబళ్లు, సెంటు సీసాలు, పిస్తాపప్పు. ఎల్లన్న అయితే టాంగు డబ్బాల పేరెత్తగానే తల పట్టుకుని కూర్చుండిపోయాడు. నాకు ఎన్నిక సంగతి గుర్తే లేదు. ఇన్నేళ్లు తన చేతికి పెట్టెలు అప్పగించినవాళ్ల ముందు సదానందం దొంగలా నిలబడ్డాడే అని బస్తాను గబగబా కిందికి దించేశాను.

ప్రభాకర్ గారికే జాలి కలిగినట్టుంది. "పాతదైపోయి ముల్లు దానంతటదే జరిగి ఉంటుంది లెండి" అని దారి చూపించారు.

ఆ దారిన పోతే బాగుండేది. సదానందం పోలేదు.

"లేదు సార్. నేనే మర తిప్పి ముల్లు జరిపిన."

ఎందుకని అడిగారు. చెప్పలేదు. ఆ సంగతి తన దగ్గరే ఉండాలి, బయటపెడితే ఇంకొకరి పరువు పోతుందన్నాడు. ఆడిటర్ పదవే కాదు, ఈ మనిషి రేపటి నుంచి షరఫియాలో తలెత్తుకు తిరగలేడని నాకు అర్థమైపోయింది.

అప్పుడు టేబుల్ మీది ఫోన్లోంచి ఒక ఆడగొంతు వినిపించింది.

"నేను అల్ ఖర్జ్ నుంచి పుష్పను. ఆ రెండు కిలోలు మావి."

పుష్ప అక్కడ ఒక ఇంట్లో వంట చేస్తుంది. సెలవు ఇవ్వడానికి కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఎప్పుడూ రేపు రేపంటాడు. బిడ్డ కావ్యకు ఏదైనా పంపాలని ఇంటికి పోయేవాళ్లనల్లా అడిగేదట. సౌదీలో ఆ ప్రశ్నకు అందరి జవాబూ ఒకటే, "వెయిట్ లేదు", అంటే పెట్టెలో ఇంక బరువుకు చోటు లేదని. పెట్టె ఇంకా కొననివాడికి కూడా వెయిట్ ఉండదు. అట్లా అడిగి అడిగి సిగ్గుపడి మానుకున్న ఆడవాళ్లు ఆమెలాంటి వాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల మూటలు అల్ ఖర్జ్ డెయిరీల నుంచి వచ్చే పాల లారీలో జెద్దాకు, సదానందం దగ్గరికి వచ్చేవి. ఎవరినీ బతిమాలకుండా అవి ఊరికి చేరడానికి అతను మర తిప్పుకున్నాడు.

"నేనెప్పుడు పోతనో తెల్వది," అంది పుష్ప. "నాకంటే ముందు నా మూటలన్న పోతున్నయి. అన్నను ఏమనకుండ్రి."

మేడ మీద ఎవరికీ మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వెయిట్ లేదనని వాడు మాలో ఒక్కడూ లేడు. చివరికి ఎల్లన్న లేచి, టాంగు లేకున్నా తన ఇంట్లో ఎవరూ చచ్చిపోలేదని, నిమ్మకాయ నీళ్లు తాగుతున్నారని చెప్పి కూర్చున్నాడు. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

అంతలో వెనక నుంచి చరిత గారు నెమ్మదిగా అడిగారు. "అయితే సదానందం గారూ, మా బాబు?"

సదానందం తల గోక్కున్నాడు. "రెండు కిలోలు తియ్యమ్మా."

ఆ నవ్వుకు కింద హోటల్ వాడు ఏమైందోనని పైకి పరుగెత్తుకొచ్చాడు.

ఎన్నికలో ప్రభాకర్ గారు గెలిచారు. ఓట్లు దాదాపు సమానంగా పడ్డాయి, కానీ మా అభ్యర్థి తన ఓటు కూడా ప్రభాకర్ గారికే వేశాడు. ఇదేం పని అని నేను నెత్తి కొట్టుకుంటే, "తప్పుడు కాంటోనికి ఎట్ల ఓటేస్తనే?" అని నన్నే ఎదురడిగాడు. ఆ రాత్రే కాంటా మర సరిచేసి పెట్టాడు.

రంజాన్ సెలవులకు ఇంటికి పోతూ ప్రభాకర్ గారు పెట్టె ఈడ్చుకుంటూ మా గదికి వచ్చారు. సదానందం ఎత్తాడు. ముల్లు సరిగ్గా ముప్పై మీద ఆగింది. "సరిపోయింది సార్" అన్నాడు, కొంచెం దిగులుగానే. మంచం కింద పాల లారీలో వచ్చిన మూట ఒకటి ఉంది.

ప్రభాకర్ గారు కళ్లజోడు సవరించుకుని ముల్లు వైపు చాలాసేపు చూశారు. తర్వాత కాంటా చేతిలోకి తీసుకుని, మర పట్టుకుని, తనే నెమ్మదిగా తిప్పారు.

"మీ కాటా తక్కువ చూపిస్తోందండీ," అన్నారు. "ఆడిటర్ గా చెబుతున్నాను. ఇప్పుడు తూచండి."

సదానందం మళ్లీ ఎత్తాడు. కళ్లు మూసుకుని, తెరిచి, ముల్లు చూశాడు. అతని మొహం అంత వెలిగిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

"తియ్యిండ్రి సార్," అన్నాడు. "రెండు కిలోలు తియ్యిండ్రి."